ఎనిమిదో బల్ల ఎగ్గొట్టిన పనులు

నీటి సరఫరా కార్యాలయంలో నీళ్లు తప్ప అన్నీ సక్రమంగా సరఫరా అవుతున్నాయని ప్రజలకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కాగితాలు సరఫరా అవుతున్నాయి. ముద్రలు సరఫరా అవుతున్నాయి. రెండు పూటలా టీ సరఫరా అవుతోంది. రోజూ ఉదయం పది గంటలకు గుమ్మం ఎదుటి నల్లబోర్డు మీద ఒక సూక్తి కూడా సరఫరా అవుతోంది. అయినా నీళ్ల సంగతే అడిగేవాళ్లు కొందరుంటారు. ఎంత మంచి జరిగినా వాళ్ల కళ్లకు ఆనదు.

అట్లా అడిగేవాళ్ల కోసమే ఆ కార్యాలయంలో ఎనిమిదో బల్ల ఉంది. ఆ బల్ల దగ్గర కూర్చునే గుమాస్తా ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. హాజరు పట్టీలో తప్ప దాని అవసరం ఎవరికీ రాలేదు. ఆఫీసంతా ఆవిణ్ణి ఎనిమిదో బల్ల అనే పిలిచేది. "ఎనిమిదో బల్లకు జ్వరం", "ఎనిమిదో బల్ల మధ్యాహ్నం నుంచి సెలవు" అంటే అక్కడ ఎవరూ నవ్వరు. పద్ధతి గల ఆఫీసు.

పద్ధతి ఏమిటో మీకూ చెప్పాలి. ఫిర్యాదు వస్తే దాన్ని రిజిస్టరులో ఎక్కించి నెంబరు వేయాలి. ఆ నెంబరును రోజువారీ పట్టికలో రాయాలి. ఆరు రోజుల పట్టికలు కలిపి వారపు నివేదిక తయారు చేయాలి. నివేదిక నాలుగు ప్రతులు. తెల్లది పెద్దాఫీసుకు. పసుప్పచ్చది మా అధికారి గారికి. గులాబీది ఫైలుకు. నీలంది, గులాబీది పోతే ఉంటుందని. ఇది కాక వచ్చిన ఉత్తరాలకు ఒక రిజిస్టరు, రావలసి ఉండి రాని ఉత్తరాలకు ఇంకో రిజిస్టరు. రెండో దాంట్లో రోజూ "ఏవీ రాలేదు" అని రాసి సంతకం చేయాలి. ఇంతా అయ్యాక, పొద్దు మిగిలితే, పని చీటీ రాసి వెనక రేకుల షెడ్డులో ఉండే ఫిట్టరుకు పంపాలి. చీటీ లేనిదే ఫిట్టరు పానా ముట్టుకోకూడదు.

పొద్దు మిగిలేది కాదు. మిగిలితే పద్ధతిలో ఏదో లోపం ఉన్నట్టే కదా.

అట్లాగని ఫిట్టరు ఖాళీగా కూర్చున్నాడనుకోకండి. రోజూ సాయంత్రం "నేడు చేసిన పని: చీటీ రాలేదు" అని ఆయనా రాసి పంపాలి. పన్నెండేళ్ల సర్వీసులో పానాలన్నీ తుప్పు పట్టాయి గానీ చేతిరాత మాత్రం ముత్యాలు పేర్చినట్టు తయారైంది.

ఇంత చక్కగా నడుస్తున్న సంసారంలో నిప్పులు పోయడానికి ప్రతి సోమవారం ఒక ఇస్త్రీ ఆవిడ వచ్చేది. చెరువుగట్టు అవతల నలభై రెండు ఇళ్ల సందు ఒకటుంది, అక్కడ ఉంటుంది. చేతిలో సీసా. సీసాలో వాళ్ల కొళాయి నీళ్లు. రంగు టీ రంగే, వాసన మాత్రం టీది కాదు.

"ఇవి చల్లి ఇస్త్రీ చేస్తే తెల్లచొక్కా పులితోలు అవుతోంది తల్లీ" అంది ఒక సోమవారం, సీసా బల్ల మీద పెట్టి. "చొక్కా పీడ పోనీ. ఇవే తాగుతున్నాం. ఇంట్లో ముగ్గురు మంచం పట్టారు. మా కోడలికి ఐదో నెల. గుక్క లోపలికి పోతే ఒట్టు, కక్కేస్తోంది."

"పోయిన వారమే రాసుకున్నాను కదమ్మా. నెంబరు ఇచ్చాగా."

"నెంబర్లు పద్నాలుగున్నాయి ఇంట్లో. కాచి తాగమంటావా?"

ఎనిమిదో బల్ల దగ్గర దీనికి రాసుకోవడానికి గడి లేదు. పదిహేనో నెంబరు వేసి ఇచ్చింది. ఇస్త్రీ ఆవిడ నెంబరు కాగితం నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుని పోయింది. సీసా అక్కడే మరిచిపోయింది. నిజంగా మరిచిపోయిందా అంటే, మీరే ఆలోచించుకోండి.

ఆ సీసా అడుగున మడ్డి దిగడం చూస్తూ చూస్తూ ఎనిమిదో బల్లకు ఒక బుద్ధితక్కువ ఆలోచన వచ్చింది. వెళ్లి అధికారిని అడిగింది. "సార్, ఇన్ని నివేదికలు అవసరమా? కొన్ని తగ్గిస్తే చీటీలు రాసే తీరిక దొరుకుతుంది."

అధికారి గారు మంచివారు. వెంటనే స్పందించారు. ఏయే నివేదికలు అనవసరమో వివరిస్తూ వారం వారం నాలుగు ప్రతుల్లో ఒక నివేదిక ఇమ్మన్నారు.

ఆవిడకు దారి చూపింది పెద్దాఫీసు కాదు, ఇంట్లో అత్తగారు. ఆ అత్తగారికి ఒక నియమం ఉంది. బీరువా పైభాగం రోజూ తడిగుడ్డతో తుడవాలి. పైభాగం కనబడాలంటే స్టూలు ఎక్కాలి. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, స్టూలు ఎక్కలేదు. పదకొండేళ్లుగా కోడలు ఆఫీసుకు వెళ్లేముందు స్టూలెక్కి తుడుస్తోంది. ఒకసారి నడుం పట్టేసి వారం రోజులు తుడవలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఇంకో వారం చూసింది. నెల చూసింది. నెల దాటాక పక్కింటావిడ వస్తే అత్తగారు బీరువా వైపు చెయ్యి చూపించి, "మా కోడలికి నేనే నేర్పాను వదినా. రోజూ తుడవబట్టే చూడు, ఇరవై ఏళ్ల బీరువా కొత్తదానిలా లేదూ!" అంది.

కోడలు వంటింట్లో గిన్నె తోముతూ ఆ మాట వింది. పనులు రెండు రకాలని ఆ పూట ఆవిడకు తెలిసింది. మానేస్తే ఎవరికో ఒకరికి నొప్పి పుట్టేవి కొన్ని. మానేసిన సంగతి కూడా ఎవరికీ తెలియనివి కొన్ని. ఏది ఏ రకమో అడిగి తెలుసుకోకూడదు. అడిగితే అన్నీ ముఖ్యమే అంటారు. నోరు మూసుకుని మానేసి చూడాలి.

మరుసటి రోజు అరచేతంత పుస్తకం ఒకటి కొనుక్కుంది. ఒకసారికి ఒక పనే మానాలి. మూడు వారాలు చూడాలి. ఎవరైనా అడిగితే తప్పయిందని మళ్లీ మొదలుపెట్టాలి. ఎవరూ అడక్కపోతే పుస్తకంలో ఆ పనిని కొట్టేయాలి. ఇంత శాస్త్రీయమైన పరిశోధన ఆ కార్యాలయంలో అంతకుముందు జరగలేదు. తర్వాత జరగకుండా తగు చర్యలు తీసుకున్నారు, ఆ సంగతి ముందుంది.

మొదట నీలం ప్రతి మానేసింది. ఎవరూ అడగలేదు. గులాబీది మానేసింది. ఫైలు నోరెత్తలేదు. రాని ఉత్తరాల రిజిస్టరు మానేసింది. రాని ఉత్తరాలు ఎప్పటిలాగే రాలేదు. ఇక ఒక్కొక్కదానికి మూడేసి వారాలు ఆగే ఓపిక పోయింది. సీసాలో మడ్డి ఆగుతుందా? పసుప్పచ్చ ప్రతి కూడా మానేసింది. నాలుగో రోజున అటెండరు వచ్చి చెవి గోక్కున్నాడు.

"అక్కా, పసుప్పచ్చ కాయితాలు రావడంలేదేంటి?"

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "సార్ అడిగారా?"

"సార్ అడగలేదు. సార్ కిటికీ అడుగుతోంది. గాలికి తలుపు టపటపా కొట్టుకుంటోంది. నువ్వు పంపే కాయితం మడిచి సందులో దోపేవాణ్ణి, వారానికొకటి లెక్క."

ఆవిడ లేచి అట్టపెట్టె మూత చించి ఒక ముక్క ఇచ్చింది. పదేళ్ల నివేదికలు కలిసి చేసిన పని ఆ అట్టముక్క ఒక్కటే చేసుకుపోయింది.

చివరికి తెల్లది. పెద్దాఫీసుకు పోయేది. అసలు నివేదిక అంటే అదే. ఒక శనివారం అది పంపకుండా ఇంటికి వెళ్లింది. ఆదివారమంతా అన్నం సయించలేదు. గురువారం పెద్దాఫీసు నుంచి ముద్ర వేసిన కవరు వచ్చింది. విప్పింది.

"మీ వారపు నివేదిక అందినది. క్షుణ్ణంగా పరిశీలించడమైనది. సంతృప్తికరం."

నాలుగుసార్లు చదివింది. రాసి పంపిన రోజుల్లో వచ్చే జవాబులో "సంతృప్తికరం" పక్కన "ఇంకనూ మెరుగుపడవలెను" అని ఉండేది. రాయడం మానేశాకే మెరుగుపడిందన్నమాట. పెద్దాఫీసులోనూ ఎవరో మహానుభావుడు బీరువా పైభాగం తుడవడం ఎప్పుడో మానేశాడు.

ధైర్యం వచ్చి నల్లబోర్డు మీది సూక్తి కూడా మానేసింది. అదీ ఆవిడ పనే మరి. పది గంటల ఐదు నిమిషాలకు అధికారి గారు గదిలోంచి బయటికి వచ్చారు. పదిన్నరకు సిబ్బంది మొత్తాన్ని వరసగా నిలబెట్టారు.

"ఇది కార్యాలయమా, సత్రమా? సూక్తి లేని కార్యాలయం చుక్కాని లేని పడవ! ప్రజలు లోపలికి రాగానే మొదట చూసేది దేన్ని? బోర్డుని! ఆ బోర్డు బోడిగుండులా ఉంటే ప్రజలకు మన మీద నమ్మకం ఎట్లా కుదురుతుంది? నీళ్లు ఇవాళ కాకపోతే రేపు వస్తాయి. పోయిన విలువలు తిరిగి వస్తాయా?"

అందరూ చప్పట్లు కొట్టారు. ఎనిమిదో బల్ల తప్పయిందని చెప్పి, సుద్దముక్క తీసుకుని వెంటనే సూక్తి రాసింది. తన చిన్న పుస్తకంలో నిజాయితీగా నమోదు చేసుకుంది: ఈ కార్యాలయంలో మానడానికి వీల్లేని పని, సూక్తి ఒక్కటే.

ఇప్పుడు ఆవిడకు రోజుకు నాలుగు గంటలు మిగిలాయి. కూర్చుని పని చీటీలు రాసింది. మొదటి చీటీ చూసి ఫిట్టరు దాన్ని వెలుతురుకు అడ్డం పెట్టి ఇటూ అటూ తిప్పాడు.

"అక్కా, ఇది నిజం చీటీయేనా? నా మీద ఏమన్నా పరీక్ష పెడుతున్నారా?"

"నిజం చీటీనే తమ్ముడూ. నలభై రెండు ఇళ్ల సందు. మురుగు కలుస్తోంది."

"చీటీ సరే. పానాలు?"

"కిరసనాయిల్లో నానబెట్టు."

"నేనో?"

"నువ్వు కూడా దిగు."

మూడు రోజులు తవ్వాడు. మంచినీళ్ల గొట్టం, మురుగు గొట్టం ఒకదాని పక్కన ఒకటి, రెండూ పగిలి, అన్నదమ్ముల్లా కలిసిమెలిసి ప్రవహిస్తూ కనబడ్డాయి. గొట్టం మార్చాడు. సోమవారం ఇస్త్రీ ఆవిడ వచ్చి బల్ల మీద ఇంకో సీసా పెట్టింది. అందులో నుంచి చూస్తే అవతలి గోడ మీద బల్లి కాళ్లు లెక్కపెట్టుకోవచ్చు.

"కోడలు రెండు చెంబులు తాగింది తల్లీ" అంది. పాత మడ్డి సీసా పక్కన కొత్త సీసా పెట్టుకుని ఎనిమిదో బల్ల పని చేసుకుంది.

ఐదు నెలల్లో రెండు వందల పద్నాలుగు ఫిర్యాదుల్లో రెండు వందలు తీరిపోయాయి. ఇరవై రెండు వారాలు నివేదిక పోలేదు. ఇరవై రెండు సార్లు "సంతృప్తికరం" వచ్చింది.

పనిచేసేవాళ్లకు ఈ లోకంలో శిక్ష తప్పదని తెలుసు గానీ, అది బహుమతి రూపంలో వస్తుందని ఎనిమిదో బల్ల ఊహించలేదు. పెద్దాఫీసు వారు ఆ ఏడు "నివేదికా సమర్పణలో క్రమశిక్షణ" అనే డాలు మా కార్యాలయానికే ప్రకటించారు. మిగతా కార్యాలయాల నివేదికల్లో ఎక్కడో ఒకచోట కొట్టివేత ఉంది, సంతకం తప్పింది, కూడిక తేడా వచ్చింది. మా ఇరవై రెండింటిలో ఒక్క తప్పు కూడా దొరకలేదు. రాయని కాగితంలో తప్పు పట్టగల మొనగాడు ఇంకా పుట్టలేదు.

సభ జరిగింది. పెద్దాఫీసు నుంచి పెద్ద అధికారి గారు వేంచేశారు. మా అధికారి గారు మాట్లాడుతూ, "ఈ నివేదికలను ప్రతి వారం నేను స్వయంగా, అక్షరం అక్షరం చదివాను. కొన్నిటిని చదువుతుంటే కళ్లు చెమర్చాయి" అన్నారు. ఆయన వెనక కిటికీ సందులో అట్టముక్క కదలకుండా కూర్చుని వింది. పెద్ద అధికారి గారు పొంగిపోయి, "ఇంతటి నివేదికలను అద్దాల బీరువాలో పెట్టి మిగతా కార్యాలయాలకు చూపిస్తాం. తెప్పించండి" అన్నారు.

తెప్పించడానికి వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. కాసేపటికి వాళ్లను తెప్పించడానికి ఇంకొకర్ని పంపారు.

విచారణ సంఘం వేశారు. ముగ్గురు సభ్యులు. మూడో సభ్యుడు పెద్దాఫీసు గుమాస్తా, ఇరవై రెండు సార్లు "సంతృప్తికరం" రాసినవాడు. అందని నివేదికను కూడా క్షుణ్ణంగా పరిశీలించగల ప్రజ్ఞ అంతటి పెద్దాఫీసులో ఇంకెవరికీ లేదని తేలడంతో ఆయన్ను ఏరికోరి సంఘంలో వేశారు.

నేరాలు రెండు. ఒకటి, నివేదికలు రాయకపోవడం. ఇది చిన్న నేరం, మందలింపుతో పోతుంది. రెండోది ఘోరం: "పెండింగులో ఉన్న ఫిర్యాదులను నివేదికకు తెలియకుండా పరిష్కరించుట." చివరి నివేదిక ప్రకారం రెండు వందల పద్నాలుగు ఫిర్యాదులు పెండింగులో ఉన్నాయి. ఆ తర్వాత నివేదికే లేదు కనుక అవి ఇంకా పెండింగులోనే ఉన్నాయి. రికార్డు ప్రకారం నలభై రెండు ఇళ్ల సందులో ఇప్పటికీ మురుగు నీళ్లే వస్తున్నాయి. అక్కడ మంచినీళ్లు రావడం రికార్డును అవమానించడం.

"ఈ మానేసే విద్య నీకెవరు నేర్పారు?" అని మొదటి సభ్యుడు గద్దించాడు.

"మా అత్తగారు సార్."

"బయటి శక్తుల ప్రమేయం ఉన్నది" అని రెండో సభ్యుడు రాసుకున్నాడు.

ఆ సాయంత్రం అత్తగారికి ఆ మాట చెబితే ముసలావిడ కాసేపు బీరువా పైకి చూసి, "పిచ్చిదానా, నీ వయసులో నేనెన్ని ఎగ్గొట్టాను! ఎవరన్నా పట్టుకున్నారా? ఎగ్గొట్టి ఊరుకోవాలే. ఆ మిగిలిన పొద్దులో నిన్నెవరు పని చేయమన్నారు? నువ్వు దొరికిపోయింది అక్కడ" అంది.

అయితే నిబంధనల్లో దయ అనేది బొత్తిగా లేకపోలేదు. నలభై ఏడో నిబంధన ఒకటుంది. ఫిర్యాదు చేసిన ఇళ్లలో కనీసం ఐదు ఇళ్లవాళ్లు స్వయంగా వచ్చి, "మా ఫిర్యాదు తీరింది, మాకు మేలు జరిగింది" అని చెప్పి సంతకం చేస్తే, జరిగిన పనిని జరిగినట్టుగా గుర్తించవచ్చు. గుర్తిస్తే ఎనిమిదో బల్ల తన బల్ల దగ్గరే ఉంటుంది. అంతేకాదు, చీటీ ముందు, నివేదిక తర్వాత అనే పద్ధతికి అనుమతి కూడా దొరుకుతుంది. లేకపోతే ఆవిడ రికార్డు గదికి, చీటీలు పాత పద్ధతికి. బుధవారం మధ్యాహ్నం పన్నెండు గంటల వరకు గడువు.

ఇస్త్రీ ఆవిడ పరుగున సందుకు పోయి అందరినీ పోగేసి చెప్పింది. సందు భగ్గుమంది.

"ఐదు ఇళ్లా?" అన్నాడు రిటైరైన మాస్టారు, అరుగెక్కి. "మనం ఐదు ఇళ్లవాళ్లమా? నలభై రెండు! నలభై రెండు ఇళ్లూ కదిలి వెళతాయి! ఆ తల్లి మన నోట్లో అమృతం పోసింది. కృతఘ్నుడికి నిష్కృతి లేదు!"

"షాపు మూసేసి వస్తా" అన్నాడు కిరాణా ఆయన. "ఒక పూట బేరం పోతే పోనీ."

"ఆ అక్క మీద ఈగ వాలనిస్తామా!" అని ఆడవాళ్లు అన్నారు. అప్పుడే ఎవరో ఒకరు బుధవారం ఎదురెండ గురించి కూడా అన్నారు గానీ ఆ గోలలో వినబడలేదు.

బుధవారం పది గంటలకు ఇస్త్రీ ఆవిడ బండి మీద పెట్టె చల్లార్చి, రెండు సీసాలూ సంచిలో వేసుకుని సందు మొదట్లో నిలబడింది. ఆ సీసాలు విచారణలో చూపించమని ఎనిమిదో బల్లే ఆవిడకు ఇచ్చి పంపింది. ఎవరూ రాలేదు. తలుపులు కొట్టుకుంటూ బయలుదేరింది.

మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ, "నలభై మంది వెళుతుంటే మధ్యలో నా ముసలి ప్రాణం ఎందుకమ్మా, నడవలేక అందరికీ అడ్డం. నా ఆశీస్సులు ఉన్నాయని చెప్పు" అన్నాడు.

కిరాణా ఆయన, "ఇవాళ సరుకు దిగే రోజని గుర్తులేదు పిన్నీ. నేనొక్కణ్ణి రాకపోతే ఏం కొంప మునుగుద్ది? అంతమంది ఉన్నారుగా" అన్నాడు.

మూడో ఇంట్లో ఇల్లాలు తలుపు ఓరగా తెరిచింది. లోపల కొళాయి ధారగా పోస్తున్న చప్పుడు. "ఇప్పుడే నీళ్లు వదిలారు వదినా. ఇంత మంచి నీళ్లు వదిలేసి ఎట్లా వస్తాను చెప్పు?"

ఇట్లా నలభై ఒక్క తలుపులు. నలభై ఒక్కరూ తాము తప్ప మిగతావాళ్లంతా వెళ్లారనే గట్టి నమ్మకంతో ఉన్నారు. ఒక పని మానేసి, ఎవరికైనా తెలుస్తుందేమో చూద్దామని ఊరుకోవడం. ఎనిమిదో బల్ల ఐదు నెలలు కష్టపడి, గుండె దడతో, పుస్తకంలో రాసుకుని నేర్చుకున్న విద్య ఆ సందుకు పుట్టుకతోనే వచ్చు.

పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఇస్త్రీ ఆవిడ చెమటతో ఆఫీసు గుమ్మం ఎక్కింది. ఆవిడ వెనక ఇంకెవరన్నా ఉన్నారేమోనని ఎనిమిదో బల్ల తొంగి చూసింది. మెట్లు ఖాళీగా ఉన్నాయి.

"ఒక ఇల్లు" అని రాసుకున్నాడు మొదటి సభ్యుడు. "నిబంధన ప్రకారం ఐదు ఉండాలి."

"అయ్యా, అందరి కొళాయీ ఒకటేనయ్యా. చూడండి." ఆవిడ రెండు సీసాలూ బల్ల మీద పెట్టింది. "ఇది అప్పుడు. ఇది ఇప్పుడు."

మూడో సభ్యుడు సీసాలను క్షుణ్ణంగా పరిశీలించాడు. జీవితంలో ఆయన ఒకదాన్ని నిజంగా పరిశీలించడం అదే మొదలు. "సీసా ఇల్లు కాదు" అన్నాడు.

ఎనిమిదో బల్ల ఆవిడ రికార్డు గదికి పోయింది. అక్కడ ఆవిడ చేయవలసిన పని, రాయకుండా వదిలేసిన ఇరవై రెండు నివేదికలనూ పాత తేదీలతో నాలుగేసి ప్రతుల్లో రాయడం. ప్రతి దాంట్లో పెండింగు రెండు వందల పద్నాలుగు అని ఉండాలి. ఆవిడ బల్ల దగ్గరికి పద్ధతి తెలిసిన ఒకాయన వచ్చాడు. ఫిట్టరు తన పానాలు తుడిచి, గుడ్డలో చుట్టి, అటక మీద పెట్టేసి పెన్ను తీశాడు. చేతిరాత పాడవలేదు.

నాలుగు నెలలకు సందులో ఇంకోచోట గొట్టం పగిలింది. రికార్డు, నిజం మళ్లీ ఒక్కటయ్యాయి. నీళ్లు టీ రంగు తిరిగాయి. ఈసారి సందు ఊరుకోలేదు. పొద్దున్నే పదింటికి నలభై రెండు ఇళ్లూ కదిలి ఆఫీసు మీద పడ్డాయి. ఎదురెండ ఆ రోజు కూడా ఉంది, ఎవరూ దాని మాట ఎత్తలేదు. మాస్టారు అందరికంటే ముందు నడిచాడు. కిరాణా ఆయన షాపు మూసి వచ్చాడు.

"ఈ ఆఫీసులో మనుషులే లేరా?" అని మాస్టారు గర్జించాడు. "ఇక్కడ ఒకావిడ ఉండేది, ఎనిమిదో బల్ల! ఏది ఆవిడ? ఆవిణ్ణి పిలవండి!"

అటెండరు చెవి గోక్కున్నాడు. "రికార్డు గదిలో ఉందండి. మళ్లీ బల్ల దగ్గరికి తేవాలంటే నలభై ఏడో నిబంధన ఇంకా ఉంది. అప్పటి ఫిర్యాదు తీరిందని ఈ కాయితం మీద ఐదు ఇళ్లవాళ్లు సంతకం పెడితే చాలు."

కాగితం చేతులు మారడం మొదలైంది. అరవడానికి నలభై రెండు గొంతులున్నాయి గానీ ఎవరి దగ్గరా పెన్ను లేదు. అటెండరు పెన్ను ఇస్తే కళ్లజోడు లేదు. కళ్లజోడున్న మాస్టారు, "ముందు వయసులో ఉన్నవాళ్లు పెట్టండి" అని పక్కకు ఇచ్చాడు. వయసులో ఉన్నవాళ్లు, "పెద్దలుండగా మేమెందుకు" అన్నారు. తిరిగి తిరిగి కాగితం చివర నిలబడ్డ ఇస్త్రీ ఆవిడ దగ్గరికి వచ్చింది. ఆవిడ సంచి కింద పెట్టి, కాగితాన్ని గోడకు ఆనించి, కూడబలుక్కుంటూ తన పేరు రాసింది. తలెత్తేసరికి వసారా పలచబడింది. నలభై ఒక్కమంది నెంబర్లు తీసుకుని ఇళ్లకు పోతున్నారు.

పోతూ పోతూ అందరూ నల్లబోర్డు వైపు చూశారు. "ఐకమత్యమే బలం" అని అందంగా రాసి ఉంది. బాగుందనుకున్నారు.

ఆ కాగితం ఇప్పటికీ కౌంటరు మీదే ఉంది. ఒక సంతకం, నాలుగు ఖాళీ గీతలు. ఇంతవరకూ చదివిన మీకు అయ్యో అనిపించే ఉంటుంది. అంతమాత్రానికి ఎదురెండలో పడి మీరు వెళ్లాలని ఎవరూ అనరు. ఎవరో ఒకరు పెడతారులెండి.